మంచి స్కూళ్ళున్న ఏరియా

ఫ్రీమాంట్‌లో ఇల్లు కొందామనుకుంటున్నాం అని ఏ తెలుగాయనతోనైనా ఒకసారి అని చూడండి. ఎన్ని బెడ్‌రూములు అని అడగడు. ఆఫీసుకి ఎంత దూరం అని అడగడు. "ఏ హైస్కూలు కిందకి వస్తుంది?" అంటాడు. మా అమ్మాయి రెండో క్లాసు. ముందు పళ్ళు రెండూ ఊడాయి, కొత్తవి ఇంకా రాలేదు. దాని హైస్కూలు గురించి ఈ ఆరు నెలల్లో తక్కువలో తక్కువ పాతికమంది నాకు సలహా ఇచ్చారు. అందరిదీ ఒకటే మాట. "అప్పయినా పర్లేదు గురూ, మిషన్‌లో కొనెయ్. కళ్ళు మూసుకుని కొనెయ్."

కళ్ళు మూసుకుని కొనడానికి అదేమన్నా అరకిలో వంకాయలా? నేను కళ్ళు తెరుచుకునే చూశాను. ఆ చూసింది చెప్తాను. కొంతమందికి కోపం రావచ్చు, రానివ్వండి.

ఇండియాలో ఉండి చదివేవాళ్ళ కోసం ముందు కొంచెం భూగోళం. ఫ్రీమాంట్ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు ఒడ్డున, సిలికాన్ వ్యాలీకి ఆనుకుని ఉన్న ఊరు. నిజానికి ఒక ఊరు కాదు. సెంటర్‌విల్, నైల్స్, అర్వింగ్టన్, మిషన్ శాన్‌హోజే, వార్మ్ స్ప్రింగ్స్ అనే అయిదు ఊళ్ళు 1956లో కలిసి ఒక మునిసిపాలిటీ అయ్యాయి. (నైల్స్‌లో 1915లో చార్లీ చాప్లిన్ సినిమాలు తీశాడు. ఇప్పుడక్కడ చిన్న మ్యూజియం ఉంది. ఇళ్ళు చూసి చూసి విసుగొచ్చిన ఆదివారాలు మేం అక్కడికి వెళ్ళేవాళ్ళం.) కలిసి డెబ్భై ఏళ్ళవుతున్నా ఎవరి పేరు వాళ్ళదే, ఎవరి ధర వాళ్ళదే. మిషన్ శాన్‌హోజే కొండవాలులో, 1797లో స్పెయిన్ పాదరీలు నెలకొల్పిన మిషన్ చుట్టూ ఉంటుంది. సెంటర్‌విల్ కింద, చదునులో, రైలు స్టేషను పక్కన.

మేం చివరికి రెండిళ్ళ దగ్గర ఆగాం. రెండూ నాలుగు గదులవే. చదరపుటడుగుల్లో పెద్ద తేడా లేదు. మిషన్‌లోది 24 లక్షల డాలర్లు, సెంటర్‌విల్‌లోది 17 లక్షలు. మిషన్ ఇంటికి వంటగది కొత్తది, కిటికీలోంచి మిషన్ పీక్ కనపడుతుంది. సెంటర్‌విల్ ఇల్లు 1950లలో కట్టింది, వెనక పెరట్లో నిమ్మచెట్టూ దానిమ్మచెట్టూ ఉన్నాయి. కొండకి ఒక లక్ష వేసుకుందాం, వంటగదికి ఇంకో లక్ష వేసుకుందాం. మిగతా 5 లక్షలు దేనికి? ఏజెంటు ఇచ్చిన కాగితంలో ఇంటి ఫొటో పక్కన చిన్న ఆకుపచ్చ గడిలో ఉన్న అంకెకి. మిషన్ శాన్‌హోజే హైస్కూలు, పదికి పది. సెంటర్‌విల్ ఇల్లు వాషింగ్టన్ హైస్కూలు కిందకి వస్తుంది, దాని అంకె అంతకన్నా తక్కువ. అదీ తేడా.

లెక్కలు మనకొచ్చిన విద్యే కదా, వేద్దాం. మా చేతిలో ఉన్న డౌన్ పేమెంటు ఏ ఇంటికైనా ఒకటే. కాబట్టి తేడా మొత్తం అప్పే. 7 లక్షలు, ఆరున్నర శాతం, ముప్ఫై ఏళ్ళు అంటే నెలకి 4,424 డాలర్లు. ఆస్తి పన్ను ఒక్క శాతమే వేసుకున్నా నెలకి ఇంకో 583. మొత్తం 5 వేలు. ఈ దేశంలో చాలా కుటుంబాలు నెలంతా బతికేది అంతకన్నా తక్కువతో. ఆ 7 లక్షలకి ముప్ఫై ఏళ్ళలో కట్టేది, పన్ను కాకుండా, దాదాపు 16 లక్షలు. ఒక అంకె కోసం.

పోనీ ఆ అంకెలో ఏముందో చూద్దాం. గ్రేట్‌స్కూల్స్ అనే సంస్థ 1998లో మొదలైంది. ఇళ్ళమ్మే సైట్లన్నిట్లో కనపడే అంకె వాళ్ళదే. అందులో ముఖ్య దినుసు రాష్ట్రం పెట్టే పరీక్షల్లో పిల్లలకొచ్చిన మార్కులు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఏడాదిలో పిల్లలు ఎంత ముందుకెళ్ళారన్న దానికి 2020లో వాళ్ళు బరువు పెంచారు. అయినా మార్కుల పాలు పెద్దదే. సరే, ఆ మార్కులు ఎవరివి? 1966లో జేమ్స్ కోల్మన్ అనే సోషియాలజిస్టు ఆరు లక్షల మందికి పైగా పిల్లల వివరాలు తీసి ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చాడు. పిల్లల మార్కుల్లో తేడాలకి స్కూళ్ళ మధ్య తేడాల కన్నా ఇళ్ళ మధ్య తేడాలే పెద్ద కారణం అని అందులో తేలింది. ఇక్కడికి అరగంట దూరంలో ఉన్న స్టాన్‌ఫర్డ్‌లో షాన్ రియర్డన్ బృందం 2019 నుంచి దేశమంతటి స్కూళ్ళ లెక్కలు బయటపెట్టింది. ఒక స్కూలు సగటు మార్కులు చూస్తే అక్కడి తల్లిదండ్రుల ఆస్తి, చదువు తెలుస్తాయి గానీ, ఆ స్కూల్లో పిల్లలు ఏడాదికి ఎంత నేర్చుకుంటారో పెద్దగా తెలియదు. రెండూ వేరువేరు సంగతులు.

అంటే మిషన్‌కొచ్చిన పదికి పది ఎవరిది? మనదే! ఇద్దరూ ఎమ్మెస్ చేసిన అమ్మానాన్నలది. పొద్దున స్కూలు, సాయంత్రం లెక్కల ట్యూషను, శనివారం ఇంగ్లీషు వ్యాసాల ట్యూషను, ఆదివారం చెస్సు. ట్యూషన్ సెంటర్లో నేర్చుకున్నదంతా స్కూలు ఖాతాలో మార్కులుగా పడుతుంది. ఆ మార్కులు అంకె అవుతాయి. ఆ అంకె ఇంటి ధరవుతుంది. మన పిల్లలు తెచ్చిన మార్కుల్ని మనమే 7 లక్షలు అప్పుచేసి కొనుక్కుంటున్నాం. వేరే ఏ వ్యాపారంలోనైనా ఇలా చేసినవాణ్ణి ఏమంటామో మీకు తెలుసు.

ఇంకో విషయం. ఈ రెండు హైస్కూళ్ళూ ఒకే స్కూలు జిల్లాలోవి. ఒకే బోర్డు. టీచర్ల జీతాల పట్టిక ఒకటే. రాష్ట్రం సిలబస్ ఒకటే. మన మండలంలో రెండు జిల్లా పరిషత్ హైస్కూళ్ళున్నాయనుకోండి, ఇదీ అంతే. పైగా 2013 నుంచి కాలిఫోర్నియా పద్ధతి ప్రకారం పేద పిల్లలు, ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే పిల్లలు ఎక్కువున్న జిల్లాలకి రాష్ట్రం డబ్బు ఎక్కువిస్తుంది, తక్కువ కాదు. మేం వాషింగ్టన్ హైస్కూలుకి వెళ్ళి చూశాం. ఏపీ కాల్‌క్యులస్ ఉంది, ఏపీ ఫిజిక్స్ ఉంది. మా అమ్మాయి ఐన్‌స్టీన్ అయితే అవడానికి అక్కడ అడ్డేమీ కనపడలేదు.

ఈ అంకెల జబ్బు మనకి అమెరికాలో అంటింది కాదు. రెండో పేజీ నిండా పాస్‌పోర్టు సైజు ఫొటోలు, వాటి కింద ర్యాంకులు, టీవీలో ఊపిరి తీసుకోకుండా చదివే ఒకటి ఒకటి రెండు రెండు... ఆ ప్రకటనల మధ్య పెరిగినవాళ్ళం. నేను ఇంటర్ చదివింది విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో. పొద్దున నాలుగున్నరకి లేపేవాళ్ళు. మార్కుల్ని బట్టి ప్రతి నెలా సెక్షన్ మారేది. కింద సెక్షన్‌కి జారినవాడితో పై సెక్షన్‌వాళ్ళు మాట్లాడ్డం మానేసేవాళ్ళు. ఎవరూ చెప్పకుండానే. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళంలో ప్రాణాలు తీసుకున్న పిల్లల గురించి మనందరం చదివాం, బాధపడ్డాం. ఇక్కడ పాలో ఆల్టోలో పెద్ద పేరున్న స్కూళ్ళ పిల్లలు వరసగా ఆత్మహత్యలు చేసుకుంటుంటే 2016లో కేంద్రం నుంచి సీడీసీ వాళ్ళు, అంటువ్యాధుల మీద పనిచేసే సంస్థ, వచ్చి పరిశోధన చేయాల్సొచ్చింది. ఆ వార్త వచ్చిన వారం పాట్‌లక్‌లో అందరూ అయ్యో అయ్యో అన్నారు. అన్నవాళ్ళే ప్లేటు చేత్తో పట్టుకుని పక్కకి తిరిగి, పాలో ఆల్టోలో ఇప్పుడు రేట్లెలా ఉన్నాయని అడిగారు. నేను విన్నాను.

ఇంతవరకూ చెప్పింది డబ్బు సంగతి, చదువు సంగతి. చాలామంది నాతో ఇంతవరకూ ఒప్పుకుంటారు. అసలు తగాదా ఇక్కడినుంచి.

అంకె గురించి ఇంత చెప్పాక కూడా ఎదుటివాడు ఒప్పుకోకపోతే, అప్పుడు గొంతు తగ్గించి రెండో మాట అంటాడు. "అది కాదు బాస్... అక్కడ కొంచెం మిక్స్‌డ్ క్రౌడ్." ఇళ్ళ ఏజెంటు ఈ మాట అనడానికి లేదు. 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం ఎక్కడ ఏ జాతివాళ్ళుంటారో చెప్పి కొనేవాణ్ణి ఇటో అటో తోలడం చట్టవిరుద్ధం, లైసెన్సు పోవచ్చు. మా ఏజెంటమ్మని నేను కావాలనే అడిగాను, అక్కడ ఎవరుంటారండీ అని. ఆవిడ నవ్వి, మీరే సాయంత్రం పూట ఒకసారి అటు నడిచి చూసుకోండి అంది. మంచి సలహా. కానీ ఏజెంటు నోటికి వేసిన తాళాన్ని స్నేహితులు వాట్సాప్‌లో తీసేస్తారు. "ఆఫ్ఘన్లు, మెక్సికన్లు ఎక్కువ అక్కడ. మన పిల్లలకి సెట్ అవ్వదు." ఇది చెప్పినాయన మంచివాడే. మా నాన్నకి ఒంట్లో బాగోకపోతే టికెట్టు తనే బుక్ చేసి నన్ను ఎయిర్‌పోర్టులో దింపినవాడు. అందుకే ఈ మాట ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

సాయంత్రం పూట నడిచి చూశాం. సెంటర్‌విల్‌లో ఫ్రీమాంట్ బొలివార్డ్ మీద ఒక ముక్కని లిటిల్ కాబూల్ అంటారు. సోవియట్ సైన్యం 1979లో ఆఫ్ఘనిస్తాన్‌లోకి వచ్చాక పారిపోయి వచ్చిన కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. 2003లో వచ్చిన కైట్ రన్నర్ నవల చదివినవాళ్ళకి ఆ ఊరు గుర్తుండే ఉంటుంది. పొడుగాటి నాన్ రొట్టెలు, బంగాళాదుంప కూరిన బోలానీ, పిస్తా కొట్లు. ముసలాయనలు బయట కుర్చీలేసుకుని టీ తాగుతున్నారు. చేతిలో యాలకుల టీ, నోట్లో రాజకీయాలు. మా గుడివాడ బస్టాండు గుర్తొచ్చింది. వీళ్ళ పిల్లలతో మన పిల్లలు చదవకూడదా? ఎందుకు? మేం అక్కడ చూసినంతసేపూ భయపడాల్సిందేమీ కనపడలేదు, పార్కింగ్ దొరక్కపోవడం తప్ప.

"మిక్స్‌డ్" అనే మాట వినగానే నాకు కూకట్‌పల్లి గుర్తొస్తుంది. 2009లో మాదాపూర్‌లో మొదటి ఉద్యోగం. ఒక ఇంటి గేటుకి టు-లెట్ బోర్డు చూసి లోపలికెళ్ళాను. ఓనరుగారు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. ఏ కంపెనీ, జీతమెంత, తాగుడు అలవాటుందా, అన్నీ అయ్యాయి. చివర్లో, "మీరేమిట్లు బాబూ?" అన్నారు. చెప్పాను. ఆయన ముఖంలో ఏమీ మారలేదు. "మా మేనల్లుడు వస్తానన్నాడయ్యా, వాడు రాకపోతే ఫోన్ చేస్తాలే" అన్నారు. ఆ బోర్డు ఇంకో మూడు వారాలు అక్కడే వేలాడింది. రోజూ బస్సులోంచి చూస్తూ వెళ్ళేవాణ్ణి. ఆ ఇంటి ఓనరూ ఇక్కడ మిక్స్‌డ్ అన్న మా స్నేహితుడూ ఒకటే అంటే నా స్నేహితుడికి కోపం వస్తుంది. కానీ ఆ ఓనరు కూడా నన్ను ఏమీ అనలేదండీ. మంచినీళ్ళు కూడా ఇచ్చాడు.

అసలు ఈ అఖాతం చుట్టుపక్కల మనం ఇల్లు కొనుక్కోగలగడం ఎప్పటినుంచి? వైష్ణోదాస్ బగాయ్ అని ఒకాయన 1915లో పెషావర్ నుంచి భార్య కాలా బగాయ్‌తో, ముగ్గురు కొడుకులతో శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగాడు. డబ్బున్నవాడు. బర్కిలీలో ఇల్లు కొన్నాడు. సామాను వేసుకుని వెళ్ళేసరికి చుట్టుపక్కలవాళ్ళు ఇంటికి తాళాలు వేసేశారు, లోపలికి రానివ్వలేదు. ఆ కుటుంబం వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. తర్వాత ఆయనకి పౌరసత్వం వచ్చింది, పోయింది కూడా. 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో భారతీయులు తెల్లవాళ్ళు కాదు కాబట్టి పౌరులు కాలేరని సుప్రీంకోర్టు తేల్చింది. అప్పట్లో కాలిఫోర్నియా చట్టం ప్రకారం పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళు భూమి కొనకూడదు. ఆయన ఆస్తి పోయింది. 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఇప్పుడు బర్కిలీ డౌన్‌టౌన్‌లో ఒక వీధికి కాలా బగాయ్ పేరు పెట్టారు. బార్ట్ దిగి నడిస్తే కనపడుతుంది.

ఆ థిండ్ కేసులో మనకి పనికొచ్చే ముక్క ఒకటుంది. ఆయన తరపు వాదన ఏమిటంటే, నేను ఆర్యుణ్ణి, పై కులంవాణ్ణి, మీ జాబితాలో కలపండి అని. జాబితా ఉండటం తప్పని కాదు, నన్ను పై వరసలో రాయమని. జడ్జీలు ఒప్పుకోలేదు. తలుపు తెరుచుకున్నది ఆ దారిలో కాదు. నల్లవాళ్ళు వీధుల్లో తన్నులు తిని సాధించిన ఉద్యమం వేడిలో 1965 వలస చట్టం వచ్చింది, మనలాంటివాళ్ళకి వీసాలు దాంతో మొదలయ్యాయి. 1968లో మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపిన వారానికి ఫెయిర్ హౌసింగ్ చట్టం మీద సంతకం పడింది. మన పేరు చూసి ఇల్లు అమ్మనంటే కోర్టుకెళ్ళగలుగుతున్నామంటే అందుకే.

ఇంకా దగ్గర సంగతి చెప్తాను. మిల్పిటాస్‌లో గ్రేట్ మాల్‌కి వెళ్ళని తెలుగువాడు ఈ చుట్టుపక్కల ఉండడు. ఇండియా వెళ్ళే ముందు సూట్‌కేసులు, చుట్టాలకి చొక్కాలు అన్నీ అక్కడే. ఆ భవనం ఒకప్పుడు ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ. 1955లో ఆ కంపెనీ రిచ్మండ్‌లో ప్లాంటు మూసి ఇక్కడికి వచ్చింది. నల్ల కార్మికులు కూడా వచ్చారు. ఉద్యోగం ఉంది, జీతం ఉంది, చుట్టుపక్కల ఎక్కడా వాళ్ళకి ఇల్లు అమ్మరు. కార్మిక సంఘం వాళ్ళు పూనుకుని, అడ్డంకులన్నీ దాటుకుని, సన్నీహిల్స్ అనే కాలనీ కట్టించారు. ఎవరైనా కొనుక్కోవచ్చు, జాతి అడగరు. రిచర్డ్ రాత్‌స్టీన్ 2017లో రాసిన పుస్తకంలో ఆ గొడవంతా ఉంది. ఆ ఉద్యమంలో ఉన్న బెన్ గ్రాస్ అనే నల్లజాతి కార్మికుడు 1966లో మిల్పిటాస్ మేయరయ్యాడు. సన్నీహిల్స్ వైపు ఇప్పుడు మన తెలుగువాళ్ళ ఇళ్ళు బోలెడు. మావిడాకుల తోరణాలు కట్టి గృహప్రవేశాలు చేసుకున్నాం. ఆ తోరణం కట్టుకునే హక్కు కోసం కొట్లాడినవాడి మనవడు క్లాసులో ఉంటే అది మిక్స్‌డ్ క్రౌడ్ అవుతుందా?

మనమే ఇలా అనుకుంటే పొరపాటు, తెల్లవాళ్ళూ అనుకున్నారు, మన గురించి! 2005లో వాల్ స్ట్రీట్ జర్నల్ ఒక పెద్ద కథనం వేసింది. కూపర్టినో చుట్టుపక్కల మంచి పేరున్న రెండు హైస్కూళ్ళ నుంచి తెల్ల కుటుంబాలు వెళ్ళిపోతున్నాయి, ఎందుకంటే ఆసియా పిల్లలు ఎక్కువై చదువు తప్ప వేరే ధ్యాస లేకుండా పోయిందట. అప్పుడు మనవాళ్ళకి చాలా కష్టమనిపించింది. సరే, వాళ్ళు మనల్ని చూసి లేచి వెళ్ళిపోతే తప్పయినప్పుడు, మనం ఇంకొకరిని చూసి పక్క కొండెక్కితే ఒప్పెలా అయింది?

ఫ్రీమాంట్‌లోనే ఒక ముచ్చట జరిగింది. 2000లో స్కూలు బోర్డు హద్దులు మార్చి, మిషన్ వైపు కొన్ని వీధుల పిల్లల్ని అర్వింగ్టన్ హైస్కూలుకి పంపాలని తీర్మానించింది. తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు. అసలు మిషన్‌ని వేరే స్కూలు జిల్లాగా విడగొట్టెయ్యాలని ఒక ఉద్యమం కూడా నడిపారు. మనం విభజన ఉద్యమాలు చూసినవాళ్ళం, మనకి కొత్త కాదు గానీ, మార్కుల కోసం రాష్ట్రం అడగడం మాత్రం ఇక్కడే విన్నాను. విడిపోవడం జరగలేదు. అయితే ఆ గొడవలో కొనేవాళ్ళు నేర్చుకోవాల్సింది ఒకటుంది. పదికి పది అని 7 లక్షలు పోసి కొన్న వీధి, బోర్డు ఒక సాయంత్రం చేతులెత్తి ఓటేస్తే ఇంకో స్కూలు కిందకి పోవచ్చు. ఇల్లు మనది, హద్దు మనది కాదు. ఇక షరీక్ హసన్, అనుజ్ కుమార్ అనే ఇద్దరు మనవైపు పేర్లున్న ప్రొఫెసర్లే లెక్కలు తీసి చూపించారు, ఈ రేటింగులు అందరికీ అందుబాటులోకి వచ్చిన చోట్ల డబ్బున్నవాళ్ళు ఒక పక్కకి, లేనివాళ్ళు ఇంకో పక్కకి ఇంకా వేగంగా విడిపోయారని. సమాచారం ఎక్కువైతే సమానత్వం పెరుగుతుందని మా కంప్యూటర్ సైన్సువాళ్ళం గట్టిగా నమ్ముతాం. ఇక్కడ అలా జరగలేదు.

ఇక నాకు వచ్చే జవాబులు నాకు తెలుసు. "రీసేల్ చూసుకో" అనేది మొదటిది. మిషన్ ఇంటికి ఎప్పుడైనా గిరాకీ ఉంటుంది, నిజం. కానీ ఆ పై 5 లక్షలు నిలబడాలంటే రేపు కొనేవాడు కూడా నన్ను అడిగిన ప్రశ్నే అడగాలి. అతను అడక్కుండా ఉండాలని ఇంతసేపు వాదించి, అతను అడుగుతాడనే ఆశ మీద నేను అప్పు చెయ్యలేను. రెండోది, "కాలేజీ సీట్లు". కాలిఫోర్నియాలో ప్రతి హైస్కూల్లో పై 9 శాతం పిల్లలకి, కనీస అర్హతలుంటే, యూసీల్లో ఖాళీ ఉన్న ఏదో ఒక క్యాంపస్‌లో సీటు ఇస్తామని నియమం ఉంది. 9 శాతం ఆ స్కూలు పిల్లల్లోనే, రాష్ట్రం మొత్తంలో కాదు. అందరూ ట్యూషన్లకెళ్ళే స్కూల్లో ఆ 9 శాతంలో ఉండటం తేలికా? ఈ లెక్క మీద నేను ఇల్లు ఎంచుకోలేదు, అది మళ్ళీ ర్యాంకుల లెక్కే. ర్యాంకులే కావాలనేవాళ్ళ లెక్క కూడా తప్పని చెప్తున్నానంతే.

వాస్తు గురించి కూడా రెండు ముక్కలు. ఇల్లు తూర్పు ముఖమా అని అడిగినవాళ్ళు పదిమంది. హేవర్డ్ భూకంప రేఖ ఎటు పోతుందని అడిగినవాళ్ళు సున్నా. ఫ్రీమాంట్ మధ్యలోంచే పోతుంది మహాప్రభో! 1868లో అది కదిలితేనే మిషన్ చర్చి కూలింది. ఇప్పుడున్నది 1980లలో మళ్ళీ కట్టింది. 1998లో మిషన్ పీక్ మీంచి పెద్ద కొండచరియ జారింది. అమ్మేవాడు ప్రకృతి ప్రమాదాల కాగితం ఇవ్వాలని చట్టం ఉంది, ఏజెంటు పంపిస్తుంది, మనం చదవకుండా సంతకం పెడతాం. స్కూలు రేటింగుకి వేసే శ్రద్ధలో పదో వంతు ఆ కాగితానికి వెయ్యండి.

చివరికి నన్ను తేల్చింది ఇవేవీ కాదు, వీసా. తొమ్మిదేళ్ళుగా గ్రీన్ కార్డు వరసలో ఉన్నాం. హెచ్‌వన్ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికి 60 రోజులు. 2022 చివర్లో, 2023లో ఆ 60 రోజులు లెక్కపెట్టుకున్న ఇళ్ళు మీ అందరికీ తెలిసినవే, నాకూ తెలుసు. అందులో ఒక ఇల్లు మిషన్‌లోనే. ఇద్దరి జీతాలూ పూర్తిగా వాయిదాకే సరిపోయే ఇల్లు. ఆ రెండు నెలలూ ఆ పిల్లవాడు ఏ స్కూల్లో ఉన్నాడన్నది ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. సెంటర్‌విల్ ఇంటికి, బియ్యం పప్పులతో సహా, మా ఆవిడ జీతం ఒక్కటీ లాక్కుంటూ అయినా చాలుతుంది. పైగా స్టేషనుకి నడిచి వెళ్ళొచ్చు. ఏస్ రైలెక్కితే శాంటాక్లారాలో గ్రేట్ అమెరికా స్టేషన్‌లో దిగుతాను. 680 మీద రోజూ పొద్దున్న బంపర్లు లెక్కపెట్టే పని తప్పుతుంది.

శుక్రవారం ఆఫర్ వేశాం, ఒప్పుకున్నారు. ఇన్‌స్పెక్షన్‌లో పైకప్పు మార్చాలన్నారు, 25 వేలవుతుందట. సరిగ్గా అయిదు నెలల తేడా డబ్బు.